విత్తనం, ఎరువు, పిడికిలి: గొర్రు నుంచి సంయుక్త విత్తే యంత్రం దాకా

వ్యవసాయ చరిత్ర గురించి మన భాషలో వచ్చిన పాఠాలు తిరగేస్తే ఒక వాక్యం తరచుగా ఎదురవుతుంది. సాళ్లలో విత్తే యంత్రాన్ని 1701లో ఇంగ్లండులో జెత్రో టల్ కనిపెట్టాడు అన్నది ఆ వాక్యం. పోటీ పరీక్షలకు చదివేవారు దీన్ని ఒక మార్కు జవాబుగా కంఠస్థం చేస్తారు. అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్టపొలాల మధ్య పెరిగిన విద్యార్థికి మాత్రం ఆ వాక్యం దగ్గర ఒక సందేహం రావాలి. మరి మన గొర్రు సంగతేమిటి?

ఈ వ్యాసంలో మనం తెలుసుకోబోయేది విత్తనాన్నీ, ఎరువునూ ఒకే విడతలో, కొలత ప్రకారం, నేలలో కావలసిన లోతున వేసే యంత్రం గురించి. మార్కెట్లో దీన్ని సీడ్ కమ్ ఫెర్టిలైజర్ డ్రిల్ అంటున్నారు. మన వ్యవసాయ శాఖ కరపత్రాల్లో విత్తనం-ఎరువు గొర్రు అని కూడా రాస్తున్నారు. ఆ రెండో పేరు నాకు ఎక్కువ ఇష్టం. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

విత్తడంలో మూడు పనులున్నాయి. నేలను చీల్చి సాలు తీయడం ఒకటి. విత్తనాన్ని ఆ సాలు అడుగుకు, తేమ ఉన్న చోటికి చేర్చడం రెండోది. ఎంత దూరానికి ఎన్ని గింజలు పడాలో చూసుకోవడం మూడోది. మొదటి రెండు పనులను మనుషులు చాలా ముందుగానే సాధించారు. మూడోదాని కోసమే తర్వాతి శతాబ్దాల యంత్ర నిర్మాతలందరూ తంటాలు పడ్డారు. ఈ చరిత్రను చదివేటప్పుడు, ఏ కాలంలో, ఏ దేశంలో ఆ మూడో పనిని ఎవరు చేస్తున్నారు అన్న ప్రశ్నను చేతిలో ఉంచుకోండి.

గొర్రు చేసే పని

మెసొపొటేమియా ముద్రికల మీద నాగలికి ఒక నిలువు గొట్టం అమర్చి, పై నుంచి విత్తనం జారవిడుస్తున్న బొమ్మలు ఉన్నాయి. చైనాలో హాన్ వంశ చక్రవర్తి వూ కాలంలో, క్రీస్తు పూర్వం ఒకటో శతాబ్దపు తొలి సంవత్సరాల్లో, ఝావో గువో అనే అధికారి మూడు కాళ్ల విత్తే సాధనాన్ని ప్రచారంలోకి తెచ్చాడని ఆ దేశ చరిత్రకారులు చెబుతారు. అంటే సాళ్లలో విత్తడం అనే ఆలోచనకు ఒకే పుట్టినిల్లు లేదు.

దక్కన్ పీఠభూమి నేలల్లో ఈ పనికి పుట్టిన సాధనమే గొర్రు. చూడనివారి కోసం కాస్త వివరిస్తాను. ఒక అడ్డ దుంగ, దానికి సమాన దూరంలో బిగించిన మూడు, నాలుగు లేదా ఆరు పళ్లు. ప్రతి పంటికీ వెనుక ఒక రంధ్రం, ఆ రంధ్రంలో దిగిన వెదురు గొట్టం. గొట్టాలన్నీ పైన ఒకచోట కలిసి, గిన్నెలాంటి కొయ్య భాగంలోకి తెరుచుకుంటాయి. ఆ గిన్నెను జడ్డిగం అంటారు. ఎద్దులు లాగుతుంటే ఒకరు గొర్రును పట్టుకుని నడిపిస్తారు. ఇంకొకరు, చాలా ఊళ్లలో స్త్రీయే, ఒడిలోని విత్తనాన్ని పిడికిట పట్టి జడ్డిగంలో వదులుతూ నడుస్తుంది.

ఆ పిడికిలిని గమనించండి. జడ్డిగంలో నాలుగు రంధ్రాలుంటే నాలుగింటికీ సమానంగా గింజలు పంచాలి. ఎద్దులు వేగం పెంచితే చేయి కూడా వేగం పెంచాలి, మలుపు దగ్గర ఆగాలి. జొన్నకు ఒక తీరు, వేరుశనగకు ఇంకో తీరు. మొలక వచ్చాక చేను చూస్తే ఎవరు విత్తారో ఊళ్లో చెప్పగలిగేవారు. పలచగా పడితే మళ్లీ విత్తేందుకు పదును ఉండదు, ఒత్తుగా పడితే మొక్కలు ఒకదాని నీటిని ఒకటి తాగేస్తాయి. గొర్రు విత్తనాన్ని లోతుకు చేరుస్తుంది, సాళ్ల మధ్య దూరం తప్పకుండా చూస్తుంది. ఆ దూరం తప్పదు కాబట్టే తర్వాత దంతి, గుంటక మొక్కల మధ్య నుంచి నడిచి కలుపు తీయగలవు. కానీ లెక్క మాత్రం మనిషి చేతిదే. కొయ్య, ఇనుము, మనిషి చేయి కలిసి ఒక యంత్రం అయ్యాయి.

ఇంకో విశేషం. ప్రధాన పంటతో పాటు కంది, అలసంద, అనుము వంటి పప్పు పంటల సాలు వేయాలనుకుంటే గొర్రు వెనుక తాడుతో ఒంటి గొట్టాన్ని కట్టి, మరో మనిషి అందులో ఆ గింజలు వదులుతూ వచ్చేవారు. ఒకే నడకలో రెండు రకాలు, రెండు లెక్కలు. ఈ ఒంటి గొట్టాన్ని గుర్తుంచుకోండి, దీనితో మనకు మళ్లీ పనుంది.

ఈ సాధనం గురించి బయటి సాక్ష్యం కూడా ఉంది. ఈస్టిండియా కంపెనీ సైన్యంలోని కెప్టెన్ థామస్ హాల్కాట్ 1795లో దక్షిణ భారతదేశంలోని సాళ్ల సేద్యం గురించి బ్రిటన్‌లోని వ్యవసాయ మండలికి ఒక లేఖ రాశాడు. సాళ్లలో విత్తే సాధనం ఇటీవలి యూరప్ ఆవిష్కరణ అనే తాను అనుకుంటూ వచ్చానని, గుర్రం మీద పోతూ ఒక పొలంలో ఇక్కడి రైతులు వాడుతున్న తేలికైన సాధనాన్ని చూశాకే అది ఈ దేశంలో అనాదిగా ఉందని తెలిసిందని ఆ లేఖ సారాంశం. టిప్పు సుల్తాన్ పతనం తర్వాత గవర్నర్ జనరల్ వెలస్లీ ఆదేశంపై 1800లో మైసూరు ప్రాంతం తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్, కన్నడ రైతులు కూరిగె అని పిలిచే గొర్రును, దాని వెనుక పప్పు గింజలు వేసే గొట్టాన్ని వర్ణించాడు. 1807లో లండన్‌లో అచ్చయిన అతని గ్రంథంలో పనిముట్ల బొమ్మలు కూడా ఉన్నాయి. హాల్కాట్ లేఖను మన కాలపు పాఠకుల ముందుకు తెచ్చినది ధరంపాల్. 18వ శతాబ్దపు భారతీయ శాస్త్ర సాంకేతికతల మీద ఆయన 1971లో వెలువరించిన సంకలనంలో అది చోటు చేసుకుంది.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇలాంటి సాక్ష్యాలు దొరకగానే అన్నీ మన దగ్గరే పుట్టాయని చాటుకునే ధోరణి కొందరిది. హాల్కాట్ చెప్పినది అది కాదు. టల్ గొర్రును చూసి కాపీ కొట్టాడనడానికీ ఏ ఆధారమూ లేదు. టల్ చేసిన పని వేరు, దాని విలువ వేరు.

టల్ తీసేయాలనుకున్నది దేన్ని?

జెత్రో టల్ న్యాయశాస్త్రం చదివిన భూస్వామి. ఆక్స్‌ఫర్డ్ దగ్గర హౌబెరీ అనే చోట అతని సాగు ఉండేది. సాన్‌ఫోయిన్ అనే పశుగ్రాసపు విత్తనం ఖరీదైనది. చల్లితే సగం వృథా అవుతోంది. కూలీలతో సన్నని సాళ్లు తీయించి, పలచగా విత్తించి చూశాడు, దిగుబడి బాగుంది. కానీ కూలీలు ఆ పద్ధతిలో చేయడానికి మొరాయించారు. అప్పుడు వాళ్ల చేతులతో పని లేకుండా విత్తే యంత్రం గురించి ఆలోచన మొదలైందని అతనే రాసుకున్నాడు. చర్చి ఆర్గన్ వాద్యం లోపలి గాడి, నాలుక, స్ప్రింగు అమరికను తీసుకుని, చక్రం తిరిగే కొద్దీ గింజలు విడిచే పెట్టెను తయారు చేశాడు. 1731లో ఆ పద్ధతి మీద పుస్తకం అచ్చు వేశాడు.

గొర్రుకూ, టల్ యంత్రానికీ ఉన్న అసలు భేదం ఇక్కడ ఉంది. గొర్రులో చేతి లెక్కను టల్ చక్రానికి అప్పగించాడు. నేల మీద తిరిగే చక్రమే గింజలు లెక్కపెడుతుంది. ఎద్దులైనా గుర్రాలైనా వేగంగా నడిస్తే చక్రం వేగంగా తిరుగుతుంది, ఆగితే ఆగిపోతుంది. కాబట్టి గింజలు కాలాన్ని బట్టి కాక దూరాన్ని బట్టి పడతాయి. ఇవాళ ట్రాక్టరు వెనుక నడిచే యంత్రం కూడా ఎక్కువగా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది. కానీ ఆ సూత్రం ఒక కూలీ తగాదాలోంచి పుట్టిందన్న సంగతిని పాఠ్యపుస్తకాలు దాటవేస్తాయి.

టల్ యంత్రాన్ని ఇంగ్లండు రైతులు వెంటనే తీసుకున్నారనుకుంటే పొరపాటు. దాదాపు శతాబ్దం పట్టింది. 1780ల్లో జేమ్స్ కుక్ అనే మతబోధకుడు చిన్న గిన్నెలతో గింజలను ఎత్తి గొట్టాల్లో పోసే పద్ధతి తెచ్చాక, 1800లో సఫోక్ ప్రాంతపు పీసెన్‌హాల్‌లో స్మైత్ కుటుంబం విత్తే యంత్రాల కార్ఖానా పెట్టాక, 19వ శతాబ్దంలోనే అది సాధారణ రైతు పొలంలోకి దిగింది. హాల్కాట్ ఆశ్చర్యపోయిన సంవత్సరంలో ఇంగ్లండు పొలాల్లో చాలావరకు ఇంకా చేతితో చల్లకమే.

ఇక ఎరువు సంగతి. విత్తే యంత్రానికి ఆద్యుడని పేరుబడ్డ టల్‌కు ఎరువు మీద నమ్మకం లేదు. మొక్కలు మట్టిలోని సన్నని రేణువులనే తింటాయని, నేలను బాగా గుల్ల చేస్తే చాలునని, పేడ వేస్తే కలుపు గింజలు వస్తాయని అతని వాదం. విత్తనమూ ఎరువూ కలిపి వేసే యంత్రాన్ని అతనికి చూపించి ఉంటే ముఖం చిట్లించేవాడే.

ఎరువు వచ్చి చేరిన తీరు

రెండు పనులను ఒకే యంత్రంలో కలపాలంటే ముందు, యంత్రంలోంచి సాఫీగా జారే ఎరువు ఉండాలి. పశువుల పేడ గొట్టంలో జారదు. ఇంగ్లండులో ఎముకల పొడితో కొన్ని ప్రయత్నాలు జరిగాయి. 1842లో జాన్ బెన్నెట్ లాస్ ఫాస్ఫేటును గంధకామ్లంతో శుద్ధిచేసి సూపర్ ఫాస్ఫేట్ తయారు చేసే పద్ధతికి పేటెంట్ పొందాడు. అక్కడి నుంచి కథ మలుపు తిరిగింది.

ఆ మలుపును బాగా చూడాలంటే దక్షిణ ఆస్ట్రేలియాకు వెళ్లాలి. 19వ శతాబ్దం చివరికి అక్కడి గోధుమ పొలాల దిగుబడి పడిపోయింది. ఆ నేలలకు భాస్వరం కొరత. రోజ్‌వర్దీ వ్యవసాయ కళాశాలలో ప్రొఫెసర్‌గా ఉన్న విలియం లౌరీ, సూపర్ ఫాస్ఫేటును పొలమంతా చల్లకుండా విత్తనంతో పాటే సాలులో కొద్దిగా వేయమని బోధించాడు. ఎకరానికి 50 కిలోల లోపు వేసినా పైరు తేడా కంటికి కనిపించింది. రైతులు అలా వేసే యంత్రాలకు ఎగబడ్డారు. తర్వాతి దశాబ్దాల్లో దుక్కి పళ్లు, విత్తన పెట్టె, ఎరువు పెట్టె మూడూ ఒకే చట్రంలో ఉన్న యంత్రం వచ్చింది. ఆస్ట్రేలియా రైతు దాన్నే కంబైన్ అన్నాడు. మన ఊళ్లలో కంబైన్ అంటే వరి కోత మిషను గుర్తొస్తుంది. ఒకే మాట, రెండు దేశాల్లో పంట కాలపు రెండు చివర్లకు అతుక్కుంది.

సాలులో వేయడానికి ఎందుకంత ఫలితం? భాస్వరం నేలలో దాదాపు కదలదు. పడిన చోటే మట్టికి అతుక్కుంటుంది. పైన చల్లితే పై పొరలోనే ఉండిపోతుంది. మెట్టలో ఆ పై పొరే ముందు ఎండిపోతుంది, ఎండిన మట్టిలోంచి వేరు ఏమీ తీసుకోలేదు. వేరు వెళ్లే దారిలో పెడితే కొద్దిపాటి ఎరువే ఎక్కువ పని చేస్తుంది. అలాగని విత్తనానికి తగిలేలా వేస్తే ఇంకో ప్రమాదం. యూరియా తగిలితే దాని నుంచి వెలువడే అమోనియా మొలకను మాడుస్తుంది. అందుకే విత్తనానికి సుమారు 5 సెంటీమీటర్ల పక్కన, 5 సెంటీమీటర్ల కింద వేయడం మంచిదని చెబుతారు. ‘కచ్చితంగా వేయడం’ అన్న మాటకు అర్థం ఇదే. ఎంత వేశామన్నది సగమే, ఎక్కడ వేశామన్నది మిగతా సగం.

మన దేశంలో సూపర్ ఫాస్ఫేట్ తయారీ 1906లో తమిళనాడులోని రాణిపేటలో మొదలైంది. 1951లో సింద్రి కర్మాగారం అమ్మోనియం సల్ఫేట్ ఇవ్వసాగింది. తెలుగు నేల మీద విశాఖపట్నంలో కోరమాండల్ ఫెర్టిలైజర్స్ 1967లో ఉత్పత్తి ప్రారంభించి గుళికల రూపంలో కాంప్లెక్స్ ఎరువులు అందించింది. ఆ ‘గుళిక’ అన్న మాట మన కథకు ముఖ్యం. పొడి ఎరువు చెమ్మ తగిలితే గడ్డకడుతుంది, గొట్టం మూసుకుపోతుంది. గుళిక జారుతుంది. కాబట్టి రసాయన కర్మాగారం ముందడుగు వేయనిదే యంత్రం ముందడుగు వేయలేకపోయింది.

అప్పుడే మెట్ట వ్యవసాయ పరిశోధకులు గొర్రు వైపు మళ్లీ చూశారు. 1970లో హైదరాబాదు కేంద్రంగా అఖిల భారత సమన్వయ మెట్ట వ్యవసాయ పరిశోధన పథకం మొదలైంది. 1985లో అక్కడే కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, అంటే క్రీడా, ఏర్పడింది. ఈ పరిశోధనల్లో వచ్చిన తొలి పరికరాల్లో ఒకటి రెండు జడ్డిగాల గొర్రు. ఒక జడ్డిగంలో విత్తనం, ఇంకో జడ్డిగంలో ఎరువు. వేసేది ఇద్దరు మనుషులు, నడిపేది ఒకరు. వెనుక ఒంటి గొట్టం కట్టి పప్పు గింజలు వేసిన రైతుకు ఇందులో అర్థం కానిదేమీ లేదు. సంయుక్త యంత్రాల చరిత్రలో ఈ పరికరం అరపేజీ కూడా నోచుకోదు. నా దృష్టిలో మాత్రం తెలుగు నేలకు సంబంధించి అసలైన వంతెన ఇదే.

చక్రం చేసే లెక్క

తర్వాత వచ్చిన యంత్రంలో పొడవాటి పెట్టె రెండు అరలుగా ఉంటుంది. విత్తనపు అర అడుగున గాళ్లు తీసిన రోలర్లు, ఎరువు అర అడుగున తెరిచి మూసే కంతలు, గడ్డలు కట్టకుండా కలియబెట్టే ఇరుసు. వీటన్నిటినీ గొలుసు ద్వారా తిప్పేది నేల చక్రం.

మీరే ఒక లెక్క చేసి చూడండి. యంత్రం 30 సెంటీమీటర్ల దూరంలో 8 సాళ్లు వేస్తుంది, అంటే పని వెడల్పు 2.4 మీటర్లు. చక్రం చుట్టుకొలత 1.25 మీటర్లు. ఒక్క చుట్టుకు 3 చదరపు మీటర్లు విత్తినట్లు. యంత్రాన్ని పైకెత్తి, గొట్టాల కింద సంచులు కట్టి, చక్రాన్ని చేత్తో 20 చుట్లు తిప్పితే 60 చదరపు మీటర్లకు పడే విత్తనం సంచుల్లోకి వస్తుంది. అది 900 గ్రాములు తూగిందనుకోండి. ఎకరం 4,047 చదరపు మీటర్లు. అంటే ఎకరాకు సుమారు 61 కిలోలు. వేరుశనగకు 60 కావాలనుకుంటే సరిపోయినట్టే. ఎరువు పెట్టెకూ ఇదే పరీక్ష.

ఇది చావిడిలో చేసే లెక్క. పొలంలో పొడి మట్టి మీద చక్రం నూటికి పది చుట్లు జారిందనుకోండి, ఎకరాకు 55 కిలోలే పడతాయి. ఒక గొట్టంలో బంకమట్టి ఇరుక్కుంటే ఆ సాలు మొత్తం ఖాళీ, పది రోజుల తర్వాత మొలకలు వచ్చే దాకా ఆ సంగతి ట్రాక్టరు నడిపే మనిషికి తెలియదు. పిడికిలితో వదిలే స్త్రీకి గింజ దిగకపోతే ఆ క్షణమే తెలిసేది. నేటి ఖరీదైన యంత్రాల్లో గింజలు పడుతున్నాయో లేదో చెప్పే సెన్సర్లు పెడుతున్నారంటే, చేతితో పాటు పోగొట్టుకున్న ఎరుకను డబ్బు పెట్టి తిరిగి కొనుక్కోవడమే.

పటాన్‌చెరు పాఠం

మంచి యంత్రం తయారైతే రైతు తప్పక తీసుకుంటాడన్న నమ్మకానికి పటాన్‌చెరులో గట్టి పరీక్ష జరిగింది. 1972లో అక్కడ ఏర్పడిన ఇక్రిశాట్ నల్లరేగడి భూముల కోసం ఎత్తు మడులు, కాలువల పద్ధతిని రూపొందించింది. దానికి తోడుగా ఫ్రెంచి నిపుణుడు జాన్ నోల్ రూపకల్పన ఆధారంగా ఎద్దులు లాగే చక్రాల పరికరాన్ని తెచ్చింది. దుక్కి, విత్తనం, ఎరువు, అంతరకృషి అన్నీ ఆ ఒక్క చట్రానికే తగిలించవచ్చు. 1980ల తొలి ఏళ్లలో మెదక్ జిల్లా తడ్డన్‌పల్లి వంటి గ్రామాల్లో రైతులతో కలిసి ప్రయోగాలు జరిగాయి. క్షేత్రంలో అది చక్కగా పనిచేసింది, అందులో సందేహం లేదు.

అయినా నిలవలేదు. పాల్ స్టార్కీ అనే నిపుణుడు ఇలాంటి పరికరాల చరిత్రను అనేక దేశాల్లో పరిశీలించి 1988లో ఒక పుస్తకం రాశాడు. ‘తీర్చిదిద్దారు, కానీ తిరస్కరించారు’ అని దాని ఉపశీర్షిక భావం. ధర చిన్న రైతు అందుకోలేనిది. ఒక పనిలోంచి ఇంకో పనికి మార్చుకోవడం తలనొప్పి. చాలాచోట్ల చివరికి అవి బండ్లుగానే మిగిలాయి. మన ఊరి వడ్రంగి తుమ్మ దుంగతో చేసిచ్చే గొర్రు పక్కన ఎంత గొప్ప చట్రమైనా బరువే.

దీని నుంచి చరిత్ర విద్యార్థి గమనించవలసినది ఒకటుంది. పరికరం విజయం కొలిచేది పరిశోధనా క్షేత్రంలోని దిగుబడితో కాదు, దాన్ని బాగు చేయగల మనిషి ఎంత దూరంలో ఉన్నాడన్న దానితో.

ట్రాక్టరు ఎందుకు గెలిచింది?

మరి విత్తనం-ఎరువు గొర్రు ట్రాక్టరు వెనుక ఎలా నిలిచింది? కచ్చితత్వం వల్ల అని తయారీదారులు చెప్పుకుంటారు. నా అభిప్రాయం వేరు. మెట్టలో వర్షం పడ్డాక విత్తేందుకు పదును ఉండేది కొద్ది రోజులే. ఆ రోజుల్లో ఊళ్లో అందరికీ ఒకేసారి ఎద్దులు కావాలి, ఒకేసారి మనుషులు కావాలి. ఎద్దుల జతలు తగ్గుతూ వచ్చాయి, మేపే ఖర్చు పెరిగింది. అద్దెకు వచ్చిన ట్రాక్టరు పూటలో పని ముగించింది. రైతు కొన్నది పదునును. కచ్చితత్వం దానితో పాటు వచ్చింది, అది కూడా సరిగా అమర్చిన చోటే. ఉత్తరాదిన వరి కోసిన పొలంలో దున్నకుండానే గోధుమ విత్తే యంత్రం పంత్‌నగర్‌లో రూపుదిద్దుకుని 1990ల తర్వాత వ్యాపించడానికీ సమయం కలిసిరావడమే ముఖ్య కారణం.

అద్దె యంత్రానికి ఒక బలహీనత ఉంది. నడిపేవాడికి గంటకో ఎకరాకో కిరాయి ముడుతుంది. సంచులు కట్టి 20 చుట్లు తిప్పి తూకం వేసే ఓపిక అతనికుండదు, అడిగే ధైర్యం చిన్న రైతుకు తక్కువ. నిన్నటి జొన్న పొలానికి పెట్టిన అమరికతోనే ఇవాళ వేరుశనగ వేసిన సందర్భాలు మీ ఊళ్లోనూ కనిపిస్తాయి.

పిడికిలితో విత్తిన స్త్రీల సంగతి ఏ నివేదికలోనూ విడిగా కనబడదు. కలుపు, కోత లెక్కల్లో వారి పనిదినాలు ఎంతోకొంత నమోదయ్యాయి. విత్తడంలోని నైపుణ్యానికి మాత్రం వేరే గడి ఎవరూ గీయలేదు. విత్తే రోజు ముందు విత్తిన మనిషికి కొంగునిండా గింజలో, మామూలు కూలికన్నా ఎక్కువో ఇచ్చే అలవాటు కొన్ని ఊళ్లలో ఉండేదని పెద్దలు చెబుతారు. అలాంటివి రాతలోకి ఎక్కకుండానే పోతున్నాయి.

ఈ భాగానికి అప్పగింతగా మీరు చేయవలసిన పని చిన్నదే. మీ ఊళ్లో జడ్డిగంలో విత్తిన అరవై ఏళ్లు దాటిన ఒక స్త్రీని కలవండి. ఏ పంటకు ఎన్ని వేళ్ల సందు వదిలేదో, నాలుగు గొట్టాలకు సమానంగా ఎలా పంచేదో, ఆ రోజు కూలి ఎంతో అడిగి ఆమె మాటల్లోనే రాసుకోండి. గొర్రు ఇంకా అటక మీద ఉంటే పళ్ల మధ్య దూరం టేపుతో కొలిచి, దాన్ని ఇవాళ అదే పొలంలో తిరిగే యంత్రపు సాళ్ల దూరంతో పోల్చి పక్కపక్కన నమోదు చేయండి.